పొట్ట కొలుచుకోండి, కిడ్నీ పరీక్ష చేయించుకోండి

ఇంట్లో కుట్టుమిషన్ దగ్గర గుడ్డ టేపు ఉంటుంది కదా, దాన్ని తీసి పెట్టుకోండి. లేకపోతే ఏ ఫ్యాన్సీ షాపులోనైనా చవగ్గా దొరుకుతుంది. కిడ్నీలను కాపాడుకునే పని ఆ టేపుతోనే మొదలుపెట్టొచ్చు.

నేను అనంతపురంలో ఒక ల్యాబులో టెక్నీషియన్‌ని. టౌన్లో వాళ్ళవీ, రాప్తాడు, కూడేరు, గార్లదిన్నె వైపు నుంచి వచ్చేవాళ్ళవీ రక్తం, మూత్రం పరీక్షలు చేయడమే నా పని. మా వైపు కిడ్నీ జబ్బు అనగానే జనానికి రెండే గుర్తొస్తాయి. ఒకటి కిడ్నీలో రాయి, రెండోది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. రాయి అయితే నడుం పక్కన మెలిపెట్టే నొప్పి వస్తుంది కాబట్టి మనిషి పరుగున ఆస్పత్రికి పోతాడు. ఉద్దానంలో జబ్బుకు ఫలానాదే కారణమని ఇంకా తేలలేదు. కానీ ఏ నొప్పీ లేకుండా ఏళ్ళ తరబడి కిడ్నీని తినేసే జబ్బుకు చాలాచోట్ల కారణాలు తెలిసినవే. షుగరు, బీపీ. చాలామందిలో ఆ రెండింటి వెనకా ఉండేది పొట్ట. పైగా షుగరు, బీపీ రాకముందే కూడా పొట్టలోని కొవ్వు నేరుగా కిడ్నీ మీద భారం వేస్తుంది. ఈ మాట చెప్తే చాలామంది నమ్మరు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

టేపు ఎక్కడ పెట్టాలి

"నా ప్యాంటు సైజు 34, నాకు పొట్టేముంది?" అని మగవాళ్ళు అంటుంటారు. ప్యాంటు పొట్ట కింద కట్టుకుంటే 34 ఏ వస్తుంది. పొట్ట బెల్టు మీదికి వాలి ఉంటుంది, దాన్ని ఎవరూ కొలవరు. ఆడవాళ్ళు లంగా నాడా బిగించి కట్టుకున్న చోట కొలుస్తారు. అక్కడ నడుం నొక్కుకుపోయి అసలు కన్నా తక్కువ చూపిస్తుంది.

సరైన పద్ధతి ఇది. పొద్దున్నే, ఏమీ తినకముందు, బాత్రూముకు వెళ్ళొచ్చాక నిలబడండి. పక్కటెముకల్లో అన్నిటికన్నా కిందిది వేలితో తడిమి చూసుకోండి. తర్వాత తుంటి ఎముక పైఅంచు తడిమి చూసుకోండి. ఆ రెండింటికీ సరిగ్గా మధ్యలో, చాలామందికి బొడ్డుకు కాస్త పైనో దాని దగ్గరో వస్తుంది, ఒంటి మీద నేరుగా టేపు చుట్టండి. చీర కుచ్చిళ్ళు, లుంగీ మడత ఏవీ మధ్యలో ఉండకూడదు. టేపు వెనక వైపు కిందికి జారకుండా ఇంట్లో వాళ్ళను చూడమనండి. మామూలుగా ఊపిరి వదిలి, అప్పుడు అంకె చూడండి. పొట్ట లోపలికి లాక్కోవద్దు. ఈ కొలత ఎవరికీ చూపించుకోవడానికి కాదు.

మన దేశంలో మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు హద్దుగా పెట్టారు. అంగుళాల్లో చెప్తే మగవాళ్ళకు దాదాపు ముప్పై ఐదున్నర, ఆడవాళ్ళకు ముప్పై ఒకటిన్నర. ఇంకా తేలిగ్గా గుర్తుండేది ఒకటుంది. నడుం కొలత మీ ఎత్తులో సగానికి లోపల ఉండాలి. ఐదడుగుల ఆరంగుళాల మనిషి ఎత్తు 66 అంగుళాలు, నడుం 33 లోపల ఉండాలి. ఐదడుగుల రెండంగుళాల ఆవిడకు 31. నాకు ఈ సగం లెక్కే ఎక్కువ నచ్చుతుంది. పొట్టిగా ఉన్నవాళ్ళ విషయంలో 90, 80 లెక్క మరీ ఉదారంగా వదిలేస్తుంది. ఎత్తులో పదింట ఆరు వంతులు దాటితే మాత్రం రేపూ ఎల్లుండీ అనకుండా పరీక్షలకు రండి.

పొట్టకూ కిడ్నీకీ సంబంధం ఏమిటి

పొట్ట మీద చేత్తో పట్టుకుంటే దొరికే కొవ్వు ఒకటి, లోపల పేగుల చుట్టూ, కాలేయంలో పేరుకునేది ఇంకొకటి. కిడ్నీని ఇబ్బంది పెట్టేది ఎక్కువగా రెండోదే. అది ఊరికే నిల్వ ఉండే సరుకు కాదు, రకరకాల రసాయనాలను రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. బీపీని పెంచే యాంజియోటెన్సిన్ తయారవడానికి కావలసిన ముడిసరుకు కూడా అందులో ఉంది. వాటివల్ల ఒంట్లో సన్నటి వాపు సాగుతూ ఉంటుంది, ఇన్సులిన్ సరిగా పనిచేయదు, కిడ్నీలు ఉప్పును బయటికి పంపకుండా పట్టి ఉంచుకుంటాయి. కొవ్వు కిడ్నీ చుట్టూ, దాని లోపలి గుంటలో కూడా చేరి రక్తనాళాలను నొక్కుతుంది.

మన రెండు కిడ్నీల్లో కలిపి సుమారు 20 లక్షల సూక్ష్మమైన జల్లెడలు ఉంటాయి. అవి రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడగట్టి, మళ్ళీ దాదాపు అంతా రక్తంలోకే పంపి, ఒకటిన్నర లీటరు మాత్రం మూత్రంగా వదులుతాయి. పుట్టాక కొత్త జల్లెడలు రావు. ఒళ్ళు పెరిగినకొద్దీ ఉన్నవే ఎక్కువ పని చేయాలి. రెండెకరాలకు సరిపోయే బోరు మోటారుతో ఐదెకరాలు తడపాలని రాత్రింబవళ్ళు ఆడిస్తే ఏమవుతుందో మన రైతులకు చెప్పక్కర్లేదు. మొదట్లో నీళ్ళు ధారగానే పడతాయి, అందుకే ఎవరికీ అనుమానం రాదు. కిడ్నీలోనూ మొదట్లో వడపోత మామూలు కన్నా ఎక్కువే చూపిస్తుంది. తర్వాత జల్లెడలు ఉబ్బి, వాటి కన్నాలు సాగి, రక్తంలో ఉండాల్సిన అల్బుమిన్ అనే ప్రోటీన్ మూత్రంలోకి జారడం మొదలవుతుంది. ఆ తర్వాత ఒక్కొక్కటీ మచ్చకట్టి మూసుకుపోతాయి.

ఇది ఎవరో ఒకరిద్దరి మాట కాదు. 2019లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఎన్నో దేశాల సమాచారాన్ని కలిపి చూసిన అధ్యయనం ఒకటి ప్రచురించింది. అందులో సాధారణ జనం లెక్కే 54 లక్షలకు పైన. బరువు మాత్రమే కాదు, నడుం కొలత, ఎత్తుతో పోల్చిన నడుం కొలత పెరిగినకొద్దీ కూడా కిడ్నీ పనితనం తగ్గే ముప్పు పెరుగుతుందని అందులో తేలింది.

సన్నగా ఉన్నాం కదా అని ధీమాగా ఉండేవాళ్ళ కోసం ఇంకో మాట. పుణెకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఫొటో పక్కపక్కన వేయించుకున్నారు. ఎత్తూ బరువుల లెక్క, అంటే బీఎంఐ, ఇద్దరికీ 22.3 ఏ. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. కాళ్ళూ చేతులూ సన్నగా ఉండి పొట్ట మాత్రం ముందుకొచ్చిన మనుషులు మా ల్యాబుకు ఎంతమందో వస్తారు. తూకం వేస్తే వాళ్ళ బరువు ఎక్కువేం ఉండదు. అందుకే తూకం మిషన్ ఒక్కటే నమ్ముకోవద్దంటాను.

ఏ పరీక్షలు అడగాలి

నడుం కొలత హద్దు దాటినవాళ్ళు, షుగరు గానీ బీపీ గానీ ఉన్నవాళ్ళు, ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు రెండు పరీక్షలు కలిపి చేయించుకోవాలి. ఒకటి రక్తంలో క్రియాటినిన్, అంటే కిడ్నీలు బయటికి పంపాల్సిన ఒక వ్యర్థం, దాంతో లెక్కగట్టే ఈజీఎఫ్ఆర్. కిడ్నీలు ఎంత వేగంగా వడగడుతున్నాయో చెప్పే అంకె ఇది, తగ్గేకొద్దీ కిడ్నీ పని తగ్గినట్టు. రెండోది మూత్రంలో అల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి. దీన్ని ఏసీఆర్ అంటారు. ల్యాబులో "యూరిన్ ఏసీఆర్" అని అడిగితే చాలు. బీపీ, షుగరు, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్ కూడా అదే రోజు చూపించుకుంటే మళ్ళీ బస్సు చార్జీలు పెట్టుకుని రావాల్సిన పని ఉండదు.

చాలామంది క్రియాటినిన్ ఒక్కటే చేయించుకుని, పక్కన రాసిన నార్మల్ హద్దులో ఉందని రిపోర్టు మడిచి జేబులో పెట్టుకుంటారు. ఇక్కడ రెండు సంగతులు చెప్పాలి. క్రియాటినిన్ అంకె ఒకటే అయినా అందరికీ అర్థం ఒకటి కాదు. పాతికేళ్ళ మగపిల్లాడికి 1.2 వస్తే ఈజీఎఫ్ఆర్ దాదాపు 86. అదే 1.2 యాభై ఐదేళ్ళ ఆవిడకు వస్తే దాదాపు 53, అంటే కిడ్నీ పని అప్పటికే బాగా తగ్గినట్టు. కాబట్టి రిపోర్టులో ఈజీఎఫ్ఆర్ లేకపోతే వేసిమ్మని అడగండి, వయసు, ఆడా మగా చెప్తే వచ్చేస్తుంది. రెండోది, క్రియాటినిన్ కండ నుంచి వస్తుంది. కండ తక్కువ, పొట్ట ఎక్కువ ఉన్న మనిషికి కిడ్నీ దెబ్బతిన్నా క్రియాటినిన్ బాగానే కనిపించొచ్చు. అలాంటప్పుడు డాక్టరు సిస్టాటిన్ సి అనే ఇంకో పరీక్ష రాస్తారు.

అల్బుమిన్ సంగతి ఇంకా ముఖ్యం. ఎందుకంటే చాలామందిలో ముందుగా బయటపడేది అదే. ఏసీఆర్ 30 లోపల ఉంటే మామూలు. 30 నుంచి 300 మధ్య ఉంటే జల్లెడ కారడం మొదలైనట్టు. 300 దాటితే గట్టిగా పట్టించుకోవాలి. మామూలు యూరిన్ పరీక్షలో పుల్ల ముంచి చూసేది ఈ మొదటి దశను చాలాసార్లు పట్టుకోలేదు. "యూరిన్ టెస్టులో ఏం లేదన్నారు కదమ్మా" అనేవాళ్ళకు నేను ఎప్పుడూ చెప్పేది ఇదే.

శాంపిల్ ఇచ్చేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. పొద్దున లేవగానే వచ్చే మొదటి మూత్రం మంచిది. ధారలో మొదటి కాస్త వదిలి మధ్యది పట్టండి. జ్వరం ఉన్నప్పుడు, మూత్రంలో మంట ఉన్నప్పుడు, నెలసరి రోజుల్లో, ముందురోజు ఒళ్ళు హూనమయ్యేలా పని చేసినప్పుడు వద్దు, అంకె ఉత్తపుణ్యానికి పెరిగి కనిపిస్తుంది. క్రియాటినిన్ కోసం ముందురోజు రాత్రి మటన్ గట్టిగా తినకుండా ఉండండి. జిమ్ముకు వెళ్ళే కుర్రాళ్ళు క్రియాటిన్ పొడి వాడుతుంటే ఆ సంగతి దాచకుండా చెప్పండి.

ఒక్కసారి ఎక్కువ వచ్చిందని గుండె జారిపోనివ్వకండి. ఈజీఎఫ్ఆర్ 60 కన్నా తక్కువ గానీ, ఏసీఆర్ 30 గానీ అంతకన్నా ఎక్కువ గానీ మూడు నెలలకు పైగా అలాగే ఉంటేనే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటారు. అలాగని మూడు నెలలు ఇంట్లో కూర్చోమని కాదు. అంకె తేడాగా ఉంటే వెంటనే డాక్టరుకు చూపించి, ఆయన చెప్పిన గడువుకు మళ్ళీ పరీక్ష చేయించుకోండి.

పొట్ట తగ్గించడం

గుంజీళ్ళు తీసినంత మాత్రాన, పొట్టకు బెల్టు కట్టినంత మాత్రాన లోపలి కొవ్వు పోదు. మొత్తం ఒళ్ళు తగ్గాలి. ఒక మంచి సంగతి ఏమిటంటే, తిండి తగ్గించి నడక పెంచితే లోపలి కొవ్వు బాగా కరుగుతుంది. తూకంలో పెద్దగా తేడా రాకపోయినా నడుం కొలత తగ్గొచ్చు. ఉన్న బరువులో నూటికి ఐదు నుంచి పది వంతులు తగ్గినా బీపీ తగ్గుతుంది, మూత్రంలో పోయే అల్బుమిన్ కూడా తగ్గుతుంది. ఎనభై కిలోల మనిషి ఆరు నెలల్లో ఐదారు కిలోలు తగ్గితే అది చిన్న పని కాదు.

తిండి విషయంలో వేరే ఊరి చార్టులు మనకు పనికిరావు. మనం తినేదాన్నే సరిచూసుకోవాలి. పొద్దున తినే ఉగ్గాని బజ్జీ సంగతే చూడండి. బొరుగులు తేలికే, భారమంతా పోపు నూనెలోనూ, పక్కన పెట్టే మిరపకాయ బజ్జీల్లోనూ ఉంది. ఉగ్గానిలో నూనె తగ్గించి, ఉల్లిపాయ, టమేటా ఎక్కువ వేసి, పప్పుల పొడి చల్లుకుని, బజ్జీలు ఎప్పుడో ఒకసారికి ఉంచుకోండి. రాగి సంగటి మంచిదే, కానీ మంచిదని రెండు పెద్ద ముద్దలు లాగిస్తే పొట్టకు అన్నానికీ సంగటికీ తేడా తెలియదు. పొలం పని చేసిన తాత తిన్న ముద్ద, కుర్చీలో కూర్చునే మనవడు తినకూడదు. ఒక చిన్న ముద్ద, దాని పక్కన పుంటికూర పప్పో, చిక్కుడుకాయ కూరో ముద్ద కన్నా ఎక్కువ ఉండేలా చూసుకోండి. కొర్రలు, సద్దలకూ ఇదే లెక్క.

రాత్రి భోజనం మా ఊళ్ళో తొమ్మిదిన్నర, పదికి గానీ కావడం లేదు. తిన్న వెంటనే పడక. దీన్ని ఏడున్నర, ఎనిమిదికి జరిపితే తర్వాత కాసేపు తిరగడానికి వీలవుతుంది. టీలో చక్కెర, కూల్‌డ్రింకులు, సాయంత్రం బేకరీ పఫ్, టీవీ ముందు కారం శెనక్కాయలు, ఈ నాలుగింటినీ వారం పాటు కాగితం మీద రాసి చూసుకోండి. మందు అలవాటున్న మగవాళ్ళు దాంతో పాటు నంజుకునేవి కూడా రాయాలి. ఉగాదికి ఓలిగలు తినొద్దని నేను చెప్పను. పండగ తిండి పండగకే ఉండాలి, అంతే.

ఉప్పు గురించి గట్టిగా చెప్పాలి. రోజుకు మనిషికి 5 గ్రాముల లోపు, అంటే ఒక చిన్న టీ స్పూను, అన్నిటిలోనూ కలిపి. మన ఇళ్ళల్లో ఊరగాయ, ఊరుమిరపకాయలు, అప్పడం, కారం పొడి, మజ్జిగలో మళ్ళీ చిటికెడు. కూరలో ఉప్పు తగ్గించి ఇవన్నీ పక్కన పెట్టుకుంటే లాభం లేదు. బజారులో సోడియం తక్కువ ఉన్న ఉప్పు అమ్ముతున్నారు. అందులో బదులుగా పొటాషియం వేస్తారు. కిడ్నీ ఇప్పటికే తగ్గినవాళ్ళకు, కొన్ని బీపీ మాత్రలు వాడేవాళ్ళకు అది గుండెకే ప్రమాదం. డాక్టరును అడగకుండా కొనొద్దు.

నీళ్ళ గురించి అందరూ అడుగుతారు. దప్పికకు సరిపడా తాగండి, ఎండలో పని చేసేవాళ్ళు ఇంకాస్త ఎక్కువ తాగండి. అంతకుమించి బలవంతంగా లీటర్లకు లీటర్లు తాగితే కిడ్నీ కడిగినట్టు శుభ్రం కాదు. జబ్బు ముదిరి కాళ్ళకు నీరు వచ్చినవాళ్ళకు అది హాని కూడా.

నడక వారానికి ఐదు రోజులు, రోజుకు అరగంట, మాట్లాడగలిగేంత వేగంగా. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండ 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి పొద్దున ఏడు గంటలకల్లా ముగించండి. ఆర్ట్స్ కాలేజీ గ్రౌండే కానక్కర్లేదు, మిద్దె మీదైనా సరే. వారానికి రెండు రోజులు కుర్చీలో కూర్చుని లేవడం, నీళ్ళ బిందె బరువున్నది జాగ్రత్తగా ఎత్తి దించడం లాంటివి చేస్తే కండ నిలుస్తుంది. రాత్రి పెద్దగా గురకపెట్టి ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచేవాళ్ళు ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. అది కూడా పొట్టతో వచ్చేదే, బీపీని పెంచేదే.

మోకాళ్ళ నొప్పి మాత్రలు

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇది. పొట్ట పెరిగి బరువు మోకాళ్ళ మీద పడుతుంది. నొప్పి వస్తుంది. నొప్పికి నడక మానేస్తారు, పొట్ట ఇంకా పెరుగుతుంది. మెడికల్ షాపుకు పోయి "నొప్పి మాత్ర ఒకటివ్వప్పా" అంటే డైక్లోఫెనాకో, ఎసిక్లోఫెనాకో, ఐబుప్రొఫెనో చేతికొస్తుంది. తగ్గింది కదా అని రోజూ ఒకటి. ఈ రకం మాత్రలు కిడ్నీకి వెళ్ళే రక్తాన్ని తగ్గిస్తాయి. శెనక్కాయ పీకే రోజుల్లో ఎండలో చెమటోడ్చి, నీళ్ళు సరిగా తాగక, సాయంత్రం ఒళ్ళునొప్పులకు ఇదే మాత్ర వేసుకుంటే దెబ్బ రెట్టింపు. బీపీకి టెల్మిసార్టాన్ లాంటిదీ, నీరు పోయే మాత్రా వాడేవాళ్ళకు ఇంకా ముప్పు. పెద్దవాళ్ళు ఉన్న ఇంట్లో మందుల డబ్బా ఒకసారి తీసి చూడండి. రోజూ నొప్పి మాత్ర మింగుతుంటే, "అమ్మా, ఇది డాక్టరు రాశాడా, నువ్వే కొన్నావా?" అని మెల్లగా అడగండి. నొప్పికి పారాసిటమాల్ ఎంత వేసుకోవచ్చో, పైపూత మందు, వ్యాయామం ఏవి పనికొస్తాయో డాక్టరు చెప్తారు. సన్నబడటానికని అమ్మే పేరు తెలియని పొడులు, ఏముందో తెలియని నాటు మందులు కూడా ఈ లెక్కలోకే వస్తాయి.

ఏసీఆర్ పెరిగిందని తేలితే ఇప్పుడు మంచి మందులున్నాయి. టెల్మిసార్టాన్, లోసార్టాన్ రకం మాత్రలు బీపీతో పాటు అల్బుమిన్ పోవడాన్నీ తగ్గిస్తాయి. షుగరు కోసం వచ్చిన డాపాగ్లిఫ్లోజిన్ షుగరు లేని కిడ్నీ రోగులకు కూడా మేలు చేస్తుందని 2020లో వచ్చిన పెద్ద పరీక్షలో తేలింది. బరువు తగ్గించే సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్, షుగరూ కిడ్నీ జబ్బూ రెండూ ఉన్నవాళ్ళలో కిడ్నీ తీవ్రంగా దెబ్బతినడం లాంటి ప్రమాదాలను 24 శాతం తగ్గించిందని 2024లో తెలిసింది. ఎవరికి ఏది, ఎంత అనేది డాక్టరే చెప్పాలి. పక్కింటి వాళ్ళ చీటీ చూసి కొనుక్కునే మందులు కావివి. వాడుతున్నప్పుడు వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఆ రోజుల్లో మాత్రలు ఆపాలా అని ఫోన్ చేసి అడగండి. షుగరు మాత్రలు వేసుకునేవాళ్ళు చెప్పకుండా కఠిన ఉపవాసాలు మొదలుపెట్టొద్దు. కిడ్నీ జబ్బని తెలియగానే పప్పు, గుడ్డు పూర్తిగా మానేసి నీరసపడిపోయేవాళ్ళూ ఉన్నారు. ప్రోటీన్ ఎంత తినాలో దశను బట్టి ఉంటుంది, అడిగి తెలుసుకోండి.

మూత్రంలో నురుగు చాలాసేపు నిలుస్తున్నా, పొద్దున కళ్ళ కింద ఉబ్బినా, సాయంత్రానికి పాదాల మీద వేలు నొక్కితే గుంట పడుతున్నా ఇక ఆలస్యం చేయకండి. ఊపిరి ఆడకపోయినా, మూత్రం బాగా తగ్గిపోయినా ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళండి.

అన్నీ బాగుంటే పరీక్షలు ఏడాదికొకసారి, నడుం కొలత నెలకొకసారి. తేడా ఉంటే డాక్టరు చెప్పినట్టు మూడు నెలలకో ఆరు నెలలకో. వీలైతే ఒకే ల్యాబులో చేయించుకోండి, పోల్చడం తేలికవుతుంది. రిపోర్టులన్నీ తేదీల వరుసలో ఒక ఫైల్లో పెట్టి, పైకాగితం మీద మీ ఎత్తు, నెలనెలా నడుం కొలత, బీపీ, వాడే మాత్రల పేర్లు రాసుకోండి. డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు చివరి రిపోర్టు ఒక్కటే కాకుండా ఆ ఫైలంతా బల్ల మీద పెట్టండి. ఒక్క అంకె చూస్తే తెలియని వేగం నాలుగైదు అంకెలు వరుసగా చూస్తే ఆయనకు తెలుస్తుంది.